బాజూ నుంచి సలామీ దాకా: కేడెట్లకు రైఫిల్ డ్రిల్ ఎలా నేర్పాలి

ఆగస్టు 15కి అయిదారు వారాల ముందు ప్రిన్సిపాల్ గారు కబురు పెడతారు. "ఈసారి మన ఎన్‌సీసీ పిల్లలు రైఫిళ్లతో సలామీ ఇస్తే బావుంటుంది కదండీ" అంటారు. మీరు కొత్తగా వచ్చిన ఏఎన్‌వో (కాలేజీలో ఎన్‌సీసీ చూసే అధ్యాపకుడు) అయినా, ఈ ఏడే రాంక్ కుట్టించుకున్న సీనియర్ అండర్ ఆఫీసర్ అయినా "తప్పకుండా సర్" అనేసి బయటికొస్తారు. ఏం ఒప్పుకున్నారో గ్రౌండ్‌లో ముప్ఫై మంది పిల్లల్ని, ముప్ఫై రైఫిళ్లని పక్కపక్కన చూసినప్పుడు తెలుస్తుంది. పద్నాలుగేళ్ల కిందట నేనూ అలాగే ఒప్పుకున్నాను. అప్పట్నుంచి ఏటా రెండుసార్లు, ఆగస్టుకోసారి, జనవరికోసారి ఇదే పని. ఈ పద్నాలుగేళ్లలో చేతికి చిక్కిన పద్ధతి చెబుతాను.

ముందుగా ఒక్క మాట. సెల్యూట్ కొట్టినా, వెనక్కి తిరిగినా కేడెట్లు గట్టిగా "ఏక్, దో-తీన్, ఏక్" అని లెక్క అరుస్తారు కదా. అందులో కదలిక "ఏక్" దగ్గరే ఉంటుంది. "దో-తీన్" అన్నంతసేపూ ఏమీ చేయకూడదు, రాయిలా ఉండాలి. పిల్లలు కదలడం రెండు రోజుల్లో నేర్చుకుంటారు. వాళ్లకు కదలకుండా ఉండటం నేర్పడానికే మిగతా నెలంతా పడుతుంది. మీ టైంటేబుల్ దాన్నిబట్టి వేసుకోండి.

కోత్ (ఆయుధాల గది) దగ్గర మొదలు

రైఫిళ్లు కాలేజీవి కావు, బెటాలియన్‌వి. సీవో (బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్) గారి అనుమతి, పీఐ స్టాఫ్ (సైన్యం నుంచి వచ్చిన శిక్షకులు) ఎవరో ఒకరు గ్రౌండ్‌లో ఉండటం, ఈ రెండూ లేకుండా రైఫిల్ ముట్టుకోవద్దు. డ్రిల్‌కి సాధారణంగా డీపీ రైఫిళ్లు ఇస్తారు. డీపీ అంటే డ్రిల్ పర్పస్, కాల్చడానికి పనికిరాకుండా చేసినవి. మా యూనిట్‌లో చాలాకాలం పాత పాయింట్ 303లే ఉండేవి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌లో వాటికి వీడ్కోలు చెప్పారని పేపర్లో చదివి మా పిల్లలు "సర్, మనవి ఎప్పుడు రిటైరవుతాయి?" అని అడిగారు. 303 అయినా, ఎస్సెల్లార్ అయినా, ఇన్సాస్ అయినా బరువు నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూ. సీనియర్ డివిజన్ కుర్రాడికి పది నిమిషాలు బరువనిపించదు. నలభై నిమిషాల పీరియడ్ అయ్యేసరికి మణికట్టు లాగేస్తుంది.

కోత్ నుంచి రైఫిల్ తీసేటప్పుడు బట్ (రైఫిల్ వెనకభాగం) మీది నంబర్ చూసి, ఏ నంబర్ ఎవరికిచ్చారో రాసుకోండి. రోజూ అదే కేడెట్‌కి అదే రైఫిల్ ఇవ్వండి. స్లింగ్ బిగువు, స్క్రూ వదులు, బట్ మీద పాత పగులు, అన్నీ ఆ పిల్లవాడి చేతికి అలవాటవుతాయి. వదులు స్క్రూ ఉన్న రైఫిల్ సలామీలో గలగలమంటుంది, మొదటి వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా వినిపిస్తుంది. అలాంటివాటిని మొదటిరోజే పక్కన పెట్టేయండి.

డీపీ అయినా సరే, చేతికి రాగానే జాంచ్ శస్త్ర్ (రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసే తనిఖీ) చేయించండి. మజిల్ (గొట్టం కొన) ఎప్పుడూ మనిషి వైపు తిరగకూడదు, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. "కాలని తుపాకీయే కదా సర్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట అన్నవాణ్ణి ఆ రోజు రైఫిల్ లేకుండా చివర నిలబెట్టండి. నేను ఇచ్చే శిక్ష ఇదొక్కటే, దీనికి మినహాయింపు లేదు.

వారం రోజులు ఉత్త చేతులు

రైఫిల్ డ్రిల్ చెడిపోయిందంటే తొంభై పాళ్లు తప్పు కాళ్లలో ఉంటుంది. సావ్‌ధాన్‌లో మడమలు కలవకపోతే, విశ్రామ్‌లో ఎడమకాలు 12 అంగుళాల దూరం ఒక్కొక్కరికి ఒక్కోలా పడితే, చేతికి రైఫిల్ ఇవ్వడం వల్ల ఆ తప్పు దాగదు, రెట్టింపవుతుంది. అందుకే మొదటి వారం ఖాళీ చేతులతో సావ్‌ధాన్, విశ్రామ్, దాయే ముడ్, బాయే ముడ్, తేజ్ చల్ (వేగంగా నడక), థమ్ (ఆగడం). నడకలో నిమిషానికి 120 అడుగులు, అడుగుకి 30 అంగుళాలు. బాస్కెట్‌బాల్ కోర్టులో సున్నంతో 30 అంగుళాలకో గీత గీసి దాని మీద నడిపించండి. గీతలు చెరిగిపోయినా అడుగు మారకపోతే ఆ పని అయినట్టే.

కొలతలు చూసి వరుస కట్టడం కూడా ఈ వారమే. "లంబా దాయే, ఛోటా బాయే, ఏక్ లైన్ మే కద్‌వార్" అనగానే పిల్లలు సిగ్గుపడుతూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఎత్తు చూసుకుంటారు. ఈ వరుస ఒకసారి ఖాయమయ్యాక మార్చొద్దు. పరేడ్ ముందురోజు మీ కంటికి ఏదో తేడాగా కనిపిస్తుంది, అప్పుడూ మార్చొద్దు.

రైఫిల్‌కి బదులు ఏం వాడాలని అడుగుతారు. కొందరు కర్రలిస్తారు. నాకు నచ్చదు. కర్రకి బరువుండదు, దాన్ని పట్టే తీరే వేరు. అలవాటైన చెయ్యి రైఫిల్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది. ఉత్త చేతులతో "ఏక్" అనిపించి ఎడమచేయి ఛాతీకి అడ్డంగా ఎక్కడిదాకా రావాలో చూపించి ఆపేయడం మేలు.

నమూనా ఇచ్చేటప్పుడు

పిల్లల్ని ఎదురుగా అర్ధచంద్రంలా నిలబెట్టండి. ఎండ మీ మొహం మీద పడాలి, వాళ్ల వీపు మీద పడాలి. కళ్లు చికిలించుకునే పిల్లకి మీ చేతులు కనిపించవు. ఒక్కో గుంపులో పది మందికి మించొద్దు. ముప్ఫై మంది ఉంటే మూడు స్క్వాడ్లు చేసి, పోయినేడు చేసిన కేడెట్లని ఒక్కొక్క దానికి పెట్టండి.

నమూనా మూడుసార్లు ఇవ్వాలి. మొదటిసారి పూర్తి వేగంతో, నోరు మెదపకుండా. అసలు ఆ కదలిక ఎంత అందంగా ఉంటుందో ముందు చూడనివ్వండి. రెండోసారి గింతీ సే, ఒక్కో లెక్క దగ్గర ఆగి, చెయ్యి ఎక్కడుందో, మోచేయి ఎటుందో, కళ్లెటుచూస్తున్నాయో చెబుతూ. మూడోసారి మీరు వాళ్లకు వీపు తిప్పి. చాలామంది వదిలేసేది ఈ మూడోదే. ఎదురుగా నిలబడి చూపిస్తే మీ కుడిచేయి వాళ్లకు ఎడమవైపు కనిపిస్తుంది, అద్దంలో చూసినట్టు. మాటలు ఎన్ని చెప్పినా ముగ్గురు నలుగురు ఎడమచేత్తో మొదలెడతారు. వీపు తిప్పి ఒక్కసారి చేయండి, ఆ గొడవ అక్కడితో సరి.

బాజూ, బగల్, సలామీ

బాజూ శస్త్ర్ అంటే రైఫిల్ కుడిపక్కన, బట్ నేల మీద, కుడికాలి చిటికెన వేలి దగ్గర బట్ కొన. ఇది సులువనిపిస్తుంది కానీ పరేడ్‌లో పిల్లలు ఎక్కువసేపు నిలబడేది దీంట్లోనే. కుడిభుజం కిందికి జారుతుంది. రైఫిల్ మీద ఆనుకుంటున్నాడని దూరం నుంచే తెలిసిపోతుంది. "నాన్నా, అది ఊతకర్ర కాదు" అంటే నవ్వుతారు గానీ భుజం పైకి లేస్తుంది.

బగల్ శస్త్ర్ అంటే రైఫిల్‌ని కుడిచేత్తో ఒంటి పక్కన నిటారుగా ఎత్తి పట్టుకోవడం. బాజూ నుంచి బగల్‌కి వెళ్లడంలో మొదటి లెక్కే ప్రాణం. కుడి మణికట్టు విదిలింపుతో రైఫిల్ ఒంటిని రాసుకుంటూ నిటారుగా పైకి లేవాలి, ఎడమచేయి అడ్డంగా వచ్చి దాన్ని అందుకోవాలి, కుడిచేయి కిందికి దిగి తన పట్టు వెతుక్కోవాలి. ఆఖరి లెక్కకు ఎడమచేయి తెగినట్టుగా పక్కకు వచ్చేస్తుంది. 303కీ, పిస్టల్ గ్రిప్ ఉన్న ఎస్సెల్లార్, ఇన్సాస్‌లకీ పట్టు తేడా ఉంటుంది కాబట్టి అచ్చంగా ఎక్కడ పట్టుకోవాలన్నది మీ పీఐ స్టాఫ్ చూపించినట్టే నేర్పండి. క్యాంపుకి వెళ్తే అక్కడ వేరే కాలేజీలతో కలిసి చేయాలి. మీ సొంత మెరుగులు అక్కడ తంటా తెస్తాయి.

ఇక్కడ వచ్చే తప్పు ఒకటి దగ్గర్నుంచి చూపిస్తాను. రైఫిల్ పైకి లేస్తున్నప్పుడు తల కుడివైపుకి కొద్దిగా, ఒక్క అంగుళం, వంగుతుంది. ఎక్కడ తగులుతుందో అన్న భయం. వెనువెంటనే ఎడమచేయి ఎక్కడికి రావాలో కన్ను కిందికి చూసి వెతుకుతుంది. ఈ రెండూ కలిస్తే టోపీ కదులుతుంది. ముప్ఫై టోపీల్లో ఒక్కటి కదిలినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి మందు నెమ్మదితనం. ఆ కేడెట్‌ని పక్కకు తీసుకెళ్లి కళ్లు మూసుకోమని, ఊరికే "ఏక్" ఒక్కటే ఇరవైసార్లు చేయించండి. చూపుతో వెతకడం మానేసి చెయ్యి తన దారి తను నేర్చుకుంటుంది. మర్నాడు కళ్లు తెరిచినా కిందికి చూడరు.

బగల్ నుంచి సలామీకి వెళ్లేటప్పుడు ఎడమచేయి వచ్చి పట్టుకుంటుంది, రైఫిల్ ఒంటికి నట్టనడుమ నిటారుగా ఎదురుకొస్తుంది, ఆఖరున కుడికాలు ఎడమ మడమ వెనక్కి వెళ్తుంది. రైఫిల్ నిటారుగా ఉందో లేదో ఎదురుగా నిలబడి చూస్తే తెలియదు. పక్కకెళ్లి చూడాలి. చాలామందిది మజిల్ ముందుకు వాలుతుంది, కొందరిది మొహం మీదకు వాలుతుంది. మా ఇంటికి గోడ కడుతున్న రోజుల్లో మేస్త్రీ దగ్గర తూకపు గుండు అడిగి తెచ్చుకున్నాను. దాన్ని పక్కన వేలాడదీసి దారానికీ బారెల్‌కీ మధ్య సందు చూపిస్తే ఉపన్యాసం అక్కర్లేదు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో పక్కనుంచి స్లో మోషన్ తీసుకుని వాళ్లే చూసుకుంటున్నారు, అదీ మంచిదే. కానీ గ్రౌండ్‌లో నా ఫోన్ ఒక్కటే ఉంటుంది. యూనిఫాంలో రైఫిల్ పట్టుకుని రీల్స్ తీయడం మొదలైతే డ్రిల్ ఆగిపోతుంది.

తిరిగి బాజూకి దిగేటప్పుడు బట్ నేలకేసి కొట్టనివ్వద్దు. ఠప్‌మని అందరిదీ ఒకేసారి మోగితే ఘనంగా ఉంటుందని కేడెట్లకు గట్టి నమ్మకం. నిజానికి ఒకేసారి మోగదు, వడగళ్లు పడ్డట్టు మోగుతుంది, పైగా బట్ పగులుతుంది. నేలకు ఒక అంగుళం ఎత్తులో ఆపి, అక్కణ్ణుంచి పెట్టమనండి.

భూమి శస్త్ర్ (రైఫిల్ నేల మీద పెట్టడం), తోల్ శస్త్ర్ (చేత్తో అడ్డంగా పట్టుకుని మోయడం), బగల్‌లో ఉండగా ఎడమచేయి ఛాతీ మీదుగా తెచ్చి కొట్టే సెల్యూట్, ఇవన్నీ పై మూడూ కుదిరాక రెండు పీరియడ్లలో వచ్చేస్తాయి. సంగీన్ (రైఫిల్ కొనకు తగిలించే కత్తి) మాత్రం పెట్టించకండి. పీఐ స్టాఫ్ పెట్టమన్నా కొత్త బ్యాచ్‌కి వద్దని నేను బతిమాలుకుంటాను.

లెక్క అరవడం, లెక్క మింగడం

మొదట్లో అందరూ గట్టిగా అరవాలి: "ఏక్, దో-తీన్, ఏక్". రెండో వారం చివర స్క్వాడ్‌లో ఒక్కరే అరవాలి, మిగతావాళ్లు మనసులో. ఆ తర్వాత ఎవరూ అరవకూడదు. అరుపు ఆపేసిన రోజు డ్రిల్ ఒక్కసారిగా పాడవుతుంది, కంగారుపడకండి. ఎవరి "దో-తీన్" ఎంత పొడవో అప్పుడు బయటపడుతుంది. ఉషారుగా ఉండే పిల్లవాడు దాన్ని మింగేసి ముందుకురుకుతాడు, భయస్తుడు సాగదీస్తాడు. ఆ విరామాన్ని కాళ్లతో కొలిపించండి. తేజ్ చల్‌లో రెండు అడుగులు పడటానికి ఎంతసేపో అంతసేపు. నిమిషానికి 120 అడుగులంటే రెండడుగులకు సరిగ్గా ఒక సెకను. గ్రౌండ్ చివర డ్రమ్ముతో ఒకరిని 120 వేగంతో కొట్టమని, మధ్యలో రెండు దెబ్బలు వదిలి ఒక్కో కదలిక చేయించండి. మూడు రోజులు అలా చేశాక డ్రమ్ము ఆపేసినా పిల్లల లోపల అది మోగుతూనే ఉంటుంది.

మీ గొంతు

కమాండ్‌లో రెండు ముక్కలుంటాయి. మొదటిది సిద్ధం చేసేది, రెండోది చేయించేది. "సలామీ" అన్నాక గాలి పీల్చుకునేంత ఖాళీ ఇచ్చి "శస్త్ర్" అని కత్తిరించినట్టు అనాలి. గొంతుతో కాక పొట్టతో అరిస్తే పదోరోజుకి కూడా మాట ఉంటుంది.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. కమాండ్లన్నీ హిందీ. "శస్త్ర్" అనగానే మొదటి రోజు ఒకమ్మాయి "సర్, శస్త్రచికిత్సలో శస్త్రమేనా?" అని అడిగింది. అదేనమ్మా అన్నాను. అంతకంటే పెద్ద ఇబ్బంది, "బాజూ", "బగల్" రెండూ "బ"తోనే మొదలవడం. గాలి అటు వీస్తుంటే వెనక వరుసకు "బ... శస్త్ర్" అని తప్ప ఏమీ వినబడదు. ఒక జనవరి 26న మా మూడో వరుసలో ఇద్దరు బగల్‌కి బదులు బాజూలోనే ఉండిపోయారు. తప్పు వాళ్లది కాదు, కమాండ్ ఇచ్చిన నాది. అప్పట్నుంచి "బాజూ"లో చివరి "జూ"ని సాగదీస్తాను, "బగల్"ని "గల్" దగ్గర గట్టిగా ఒత్తి పలుకుతాను. మీరు ఎలా పలికినా సరే, రిహార్సల్‌లో పలికినట్టే పరేడ్‌లో పలకండి.

కమాండ్ పూర్తికాకముందే కదిలిపోయే జబ్బు అందరికీ ఉంటుంది. అంచనా వేసేసుకుంటారు. విరుగుడుగా "సలామీ..." అని ఊరుకోండి. అయిదు సెకన్లు, పది సెకన్లు. సగం మంది చేతులు లేస్తాయి. "జైసే థే" అనండి, అంటే ఉన్న స్థితికి తిరిగి రమ్మని. మళ్లీ "సలామీ..." ఈసారి "శస్త్ర్" వెంటనే. ఇంకోసారి ఇంకోలా. వినడం తప్ప వేరే దారి లేదని తెలిశాక ఊహించడం మానేస్తారు.

52 సెకన్లు

జెండా ఎగరగానే "రాష్ట్రీయ సెల్యూట్, సలామీ శస్త్ర్". జాతీయగీతం పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు. అంతసేపూ రైఫిల్ ఎదురుగా, గాల్లో. చిన్న సమయమే అనిపిస్తుంది కదా, ఒకసారి మీరే పట్టుకుని చూడండి. గీతం సగం దాటేసరికి మజిల్ వణకడం మొదలవుతుంది, చివరి జయహేలు వచ్చేసరికి మోచేతులు ఒంటిని వదిలేసి బయటికొస్తాయి.

మొదట 20 సెకన్లు నిలబెట్టండి, రోజుకి పది పెంచండి. 75 సెకన్లు వణక్కుండా పట్టగలిగితే 52 వాళ్లకు లెక్కలో ఉండదు. ఒక్కోసారి మైకు మొరాయిస్తుంది, పాట ఆలస్యంగా మొదలవుతుంది, ఆ మిగులు అప్పుడు పనికొస్తుంది. అలా పట్టుకున్న ప్రతిసారీ తర్వాత రెండు నిమిషాలు భూమి శస్త్ర్ చేయించి చేతులు విదిలించుకోనివ్వండి. నొప్పితో నేర్చుకున్న కదలికలో ఆ నొప్పి తప్పించుకునే వంకరలు కూడా కలిసిపోతాయి.

ఇంకో సంగతి. డ్రిల్ పాఠంలో చెడ్డ అలవాట్ల జాబితా ఒకటుంది: కళ్లు తిప్పడం, కాళ్లీడ్చడం, ఎగిరెగిరి నడవడం, అందులోనే బూటు లోపల వేళ్లు కదపడం కూడా. పాఠం పాఠమే గానీ, ఆగస్టు ఉక్కలో నలభై నిమిషాలు నిలబడ్డ పిల్ల బూటులో వేళ్లు నొక్కి వదులుతుంటే నేను చూడనట్టే ఊరుకుంటాను. రక్తం కాళ్లలో నిలిచిపోతే మనిషి చెట్టు కూలినట్టు కూలిపోతుంది. మోకాళ్లు బిగించొద్దని, అవి కొద్దిగా సడలి ఉండాలని రోజూ చెప్పండి. కళ్లు చీకట్లు కమ్ముతున్నాయనిపిస్తే రైఫిల్‌తో సహా ఒక మోకాలి మీద కూర్చోమని ముందే చెప్పి, అలా కూర్చోవడం కూడా ఒకసారి ప్రాక్టీస్ చేయించండి. పరువు పోతుందని భయపడి నిలబడేవాళ్లే ముందు పడతారు.

జారిపోతే

నాలుగేళ్ల కిందట మా కేడెట్ ఒకడి రైఫిల్ సలామీ మధ్యలో చేతిలోంచి జారింది. తెల్లారి నూనె చిందీతో (తుడిచే గుడ్డముక్కతో) తళతళలాడేలా తుడుచుకొచ్చాడు పాపం, దానికి చెమట తోడైంది. రైఫిల్ పడిన చప్పుడు కంటే, పక్కనున్న ముగ్గురు తల తిప్పి చూడటమే ఎక్కువ కనిపించింది. అప్పట్నుంచి రెండు పనులు చేస్తున్నాం. పరేడ్ ఉదయం చివరగా పొడి చిందీతో తుడవాలి, చేతులు పట్టుకునేచోట నూనె మరక ఉండకూడదు. రెండోది, చివరి వారం రిహార్సల్‌లో ఒకరితో కావాలనే రైఫిల్ పక్కన పరిచిన గోనె పట్టా మీద పడేయిస్తాం. ఎవరిది పడుతుందో మిగతావాళ్లకు తెలియదు. ఎవరూ చూడకూడదు. పడేసుకున్నవాడు కంగారుగా వంగకుండా, నడుమొంచి ఒక్క ఊపులో తీసుకుని మిగతావాళ్లున్న స్థితిలోకి వచ్చేయాలి. మూడోసారికి ఒక్క కన్ను కూడా కదలదు.

ఆ రోజు

చివరి రెండు రోజులు కొత్తగా ఏమీ దిద్దవద్దు. తప్పులు కనిపిస్తాయి, నోరు కట్టేసుకోండి. ముందురోజు సాయంత్రం ఒకే ఒక్క ఫుల్ డ్రెస్ రిహార్సల్, బాగా వచ్చినా రాకపోయినా అక్కడితో ఆపేయండి.

పొద్దున్నే అయిదింటికి రమ్మంటే ఆడపిల్లలు ముఖ్యంగా ఖాళీ కడుపుతో వస్తారు. రెండు ఇడ్లీలైనా తినకుండా ఫాలిన్ చేయించొద్దు. ఉప్పేసిన మజ్జిగ పంపించమని క్యాంటీన్‌కి ముందురోజే చెప్పండి. ముఖ్య అతిథి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు. కారు గేటు దాటిందని కబురొచ్చేదాకా పిల్లల్ని విశ్రామ్, ఆరామ్ సేలోనే ఉంచండి, నీడలో ఉంచగలిగితే మరీ మంచిది.

పరేడ్ అయ్యాక ఫొటోల సందడి మొదలవుతుంది, తల్లిదండ్రులు వచ్చి "ఓసారి పట్టుకోనివ్వండి సర్" అంటారు. నవ్వుతూనే కాదనండి. జాంచ్ శస్త్ర్ చేయించి, బట్ నంబర్లు చదువుతూ ఒక్కొక్కటే కోత్‌లోకి పంపించండి. ముప్ఫై బయటికొచ్చాయి, ముప్ఫై లోపలికెళ్లాయో లేదో మీరే లెక్కపెట్టి రిజిస్టర్‌లో సంతకం చేశాక టిఫిన్ పొట్లం విప్పుకోండి.